త్రిభుజాలు: భుజాల పొడవును బట్టి వర్గీకరణ

ఒకే పొడవున్న 12 అగ్గిపుల్లలతో, ఒక్కటీ విరవకుండా, ఒక్కటీ మిగల్చకుండా త్రిభుజం పేర్చాలంటే మూడే దారులున్నాయి. పక్కకు నాలుగేసి పెట్టవచ్చు. రెండు పక్కల ఐదేసి పెట్టి అడుగున రెండు పెట్టవచ్చు. లేదా మూడు, నాలుగు, ఐదు చొప్పున పెట్టవచ్చు. మొదటిదానిలో మూడు భుజాలూ సమానం, అది సమబాహు త్రిభుజం. రెండోదానిలో రెండు భుజాలు సమానం, అది సమద్విబాహు త్రిభుజం. మూడోదానిలో ఏ రెండూ సమానం కావు, అది విషమబాహు త్రిభుజం. భుజాలను బట్టి విడదీస్తే త్రిభుజాలు ఈ మూడు రకాలే.

బడిలో ఈ మూడు పేర్లూ ఒక్క పూటలో నేర్చుకుని ముందుకు వెళ్లిపోతాం. నిజానికి రేఖాగణితంలో ఇంత చిన్న ప్రశ్నకు ఇంత పెద్ద జవాబు దొరికే చోటు మరొకటి లేదనవచ్చు. మూడు పొడవుల్లో ఎన్ని సమానమో చెబితే చాలు. ఆ త్రిభుజంలో ఏ కోణాలు సమానమో, కాగితాన్ని ఎక్కడ మడిస్తే సగాలు ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయో, దాని కేంద్రాలు ఎక్కడెక్కడ పడతాయో చాలావరకు తెలిసిపోతుంది. భుజాల సమానత్వం అని మనం అంటున్నది లోతుకు వెళ్తే సౌష్ఠవమే. ఈ వర్గీకరణ నిలబడింది దానిమీదే.

మూడు పొడవులు త్రిభుజం కావాలంటే

ఏ మూడు పొడవులు తీసుకున్నా త్రిభుజం రాదు. 12 పుల్లలనే 6, 4, 2గా విడదీస్తే చిన్నవి రెండూ కలిసి పెద్దదానితో సరిగ్గా సమానమవుతాయి. అవి లేచి నిలబడలేక పెద్దదాని మీదే పడుకుంటాయి. 7, 3, 2 అయితే చివరలు కలవనే కలవవు. ఏ రెండు భుజాల మొత్తమైనా మూడో భుజం కంటే ఎక్కువ ఉండాలి. దీన్ని త్రిభుజ అసమానత అంటారు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ కూర్చిన 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకంలో ఇది 20వ ప్రతిపాదన. గడ్డి కనబడితే గాడిద కూడా తిన్నగానే నడుస్తుంది కదా, దీనికి నిరూపణ ఎందుకని గ్రీకు తత్వవేత్త ఎపిక్యురస్ అనుయాయులు ఎగతాళి చేశారట. ఈ సంగతి రాసిపెట్టినవాడు 5వ శతాబ్దపు వ్యాఖ్యాత ప్రోక్లస్. కంటికి తెలిసినంత మాత్రాన అది ఎందుకు నిజమో బుద్ధికి తెలిసినట్టు కాదని ఆయన జవాబు. ఇందులో న్యాయం ప్రోక్లస్ వైపే ఉంది.

త్రిభుజ అసమానత తీరిన మూడు పొడవులకు త్రిభుజం తప్పక ఉంటుంది, అదీ ఒక్కటే ఉంటుంది. నాలుగు కర్రలను చివరల్లో మేకులు కొట్టి చట్రంగా బిగిస్తే అది అటూ ఇటూ ఒరిగి ఆకారం మార్చుకుంటుంది. మూడు కర్రల చట్రం కదలదు. పైకప్పు దూలాల్లోనూ ఇనుప వంతెనల్లోనూ త్రిభుజాలు అల్లేది ఇందుకే. వర్గీకరణకు కూడా ఆధారం ఇక్కడే ఉంది. భుజాలు తెలిస్తే కోణాలు, వైశాల్యం, మిగతావన్నీ ఖాయమవుతాయి కాబట్టి భుజాలను బట్టి రకాలు చేయడానికి అర్థం ఉంది. చతుర్భుజాల విషయంలో ఆ వీలు లేదు. నాలుగు భుజాలూ సమానమని తెలిసినా అది చతురస్రమో, రాంబస్సో చెప్పలేం.

నిర్వచనాల్లో ఒక తేడా

మూడు రకాలనూ యూక్లిడ్ మొదటి పుస్తకం 20వ నిర్వచనంలోనే చెప్పాడు. ఆయన లెక్కలో సమద్విబాహు త్రిభుజం అంటే రెండు భుజాలు మాత్రమే సమానమైనది. ఆ ప్రకారం సమబాహు త్రిభుజానికి అందులో చోటు లేదు. మూడు రకాలూ మూడు వేర్వేరు గదులు. నేటి గణితం మాత్రం ఎక్కువగా 'కనీసం రెండు భుజాలు సమానమైనది' అనే నిర్వచనం వైపు మొగ్గింది. అలా అంటే ప్రతి సమబాహు త్రిభుజమూ సమద్విబాహు త్రిభుజమే అవుతుంది. పెద్ద వృత్తంలో చిన్న వృత్తం ఉన్నట్టు ఒక రకం ఇంకోదానిలో ఇమిడిపోతుంది, రెండింటి బయటా మిగిలినవి విషమబాహు త్రిభుజాలు.

ఈ రెండో పద్ధతే మేలు, అందుకు కారణం రుచి కాదు, పొదుపు. సమద్విబాహు త్రిభుజానికి నిరూపించిన ప్రతి ఫలితమూ మళ్లీ పని పెట్టకుండా సమబాహు త్రిభుజానికి చెల్లుతుంది. సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానమని ఒకసారి తేలితే, దాన్ని రెండుసార్లు వాడి సమబాహు త్రిభుజంలో మూడు కోణాలూ సమానమని, కాబట్టి ఒక్కొక్కటి 60 డిగ్రీలని ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు. చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనా అని పిల్లలు అడిగే ప్రశ్న ఇలాంటిదే. అక్కడ అవును అని చెప్పి ఇక్కడ కాదంటే పిల్లవాడికి గణితం మీద నమ్మకం సడలుతుంది. పాఠ్యపుస్తకం ఏ నిర్వచనం తీసుకున్నా సరే, అది తీసుకున్నానని మొదటే చెప్పడం అవసరం.

భారతీయ గణితంలో

యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాల్లో పాతదైన బౌధాయన శుల్బసూత్రాన్ని క్రీస్తుపూర్వం 800–500 మధ్య కాలానిదిగా పండితులు లెక్కగడతారు. యజ్ఞవేదికల్లో ప్రౌగచితి అనేది ఒకటి. దాని ఆకారం సమద్విబాహు త్రిభుజం. చదరపు వేదిక ఎంత వైశాల్యమో ఇదీ అంతే ఉండాలి. అందుకు చెప్పిన ఉపాయం సూటిగా ఉంటుంది. కావలసిన వైశాల్యానికి రెట్టింపు ఉన్న చతురస్రం గీసి, ఒక భుజం మధ్యబిందువు నుంచి ఎదుటి రెండు మూలలకూ తాడు లాగాలి. మధ్యలో ఏర్పడే త్రిభుజం చతురస్రంలో సరిగ్గా సగం.

ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయం గణితపాదంలో త్రిభుజ వైశాల్యం భూమిలో సగాన్ని లంబంతో గుణిస్తే వస్తుందని చెప్పాడు. 629లో ఆ గ్రంథానికి భాష్యం రాసిన మొదటి భాస్కరుడు త్రిభుజాలను సమ, ద్విసమ, విషమ అని మూడుగా విడదీసి ఒక్కొక్కదానికీ ఉదాహరణలు లెక్కించాడు. ఈ విడదీతలో లెక్కకు సంబంధించిన అవసరం ఉంది. సమ, ద్విసమ త్రిభుజాల్లో శీర్షం నుంచి దించిన లంబం భూమిని సరిగ్గా సగం చేస్తుంది కాబట్టి దాని పొడవు కనుక్కోవడం తేలిక. విషమ త్రిభుజంలో లంబం ఎక్కడ పడుతుందో ముందు తేల్చుకోవాలి. లంబం భూమిని విడగొట్టే ఆ రెండు ముక్కలను మన గణితజ్ఞులు ఆబాధలు అన్నారు.

ఆబాధలు కనుక్కునే పద్ధతిని బ్రహ్మగుప్తుడు 628లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో చెప్పాడు. రెండు భుజాల వర్గాల తేడాను భూమితో భాగించాలి. వచ్చినదాన్ని భూమికి కలిపి ఒకసారి, తీసివేసి ఒకసారి సగం చేయాలి. 1150లో రెండో భాస్కరుడు లీలావతిలో ఇదే లెక్కను 14 భూమిగా, 13, 15 భుజాలుగా ఉన్న త్రిభుజానికి ఇచ్చాడు. 225లోంచి 169 తీస్తే 56, దాన్ని 14తో భాగిస్తే 4. ఆబాధలు 9, 5. లంబం 12, వైశాల్యం 84. గ్రీకు గణితజ్ఞుడు హెరాన్ తన 'మెట్రికా'లో లెక్కించిన త్రిభుజాల్లోనూ ఇది ఉంది. వందల ఏళ్లుగా గురువులు దీన్నే ఎంచుకోవడానికి కారణం, విషమ త్రిభుజమై ఉండి కూడా లంబమూ వైశాల్యమూ పూర్ణసంఖ్యలుగా రావడం. లీలావతిలోనే 10, 17 భుజాలు, 9 భూమి ఉన్న మరో లెక్క ఉంది. అందులో ఒక ఆబాధ రుణసంఖ్యగా, మైనస్ 6గా వస్తుంది. లంబం త్రిభుజం బయట పడిందని దాని భావం. రుణసంఖ్యను పొరపాటు ఫలితంగా తోసిపుచ్చకుండా దిక్కు మారిందని అర్థం చేసుకున్న ఆ చూపు ఎంతో గొప్పది.

బ్రహ్మగుప్తుడు ఇంకో మెట్టు ఎక్కి, ఇలాంటి త్రిభుజాలను కావలసినన్ని తయారుచేసే దారి చూపాడు. ఒకే లంబం ఉన్న రెండు లంబకోణ త్రిభుజాలను వీపు వీపూ ఆనించి నిలబెట్టాలి. 5, 12, 13 పక్కన 9, 12, 15 పెడితే 12 లోపలి లంబమవుతుంది, 5, 9 కలిసి భూమి 14 అవుతుంది. 13, 14, 15 త్రిభుజం పుట్టింది ఇలాగే. ఒకే లంబకోణ త్రిభుజాన్ని రెండుసార్లు వాడితే సమద్విబాహు త్రిభుజం వస్తుంది. రెండు 3, 4, 5లను నాలుగు ఉన్న పక్కన అతికిస్తే 5, 5, 6 వస్తుంది, మూడు ఉన్న పక్కన అతికిస్తే 5, 5, 8 వస్తుంది. ముక్కలు అవే కాబట్టి రెండింటి వైశాల్యమూ 12. సమబాహు త్రిభుజం ఒక్కటే ఈ పద్ధతికి లొంగదు.

రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలోనూ ఇదే మూడు రకాల విభజన ఉంది. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఈ గ్రంథాన్నే. తెలుగులో తొలి గణితగ్రంథంగా పేరుపొందినది ఆ పద్యానువాదమే.

సమాన భుజాలు, సమాన కోణాలు

సమద్విబాహు త్రిభుజంలో సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానం. ఇది యూక్లిడ్ ఐదో ప్రతిపాదన. ఆయన నిరూపణ భుజాలను కిందికి పొడిగించి, కొత్త త్రిభుజాలు గీసి, చుట్టు తిరిగి గమ్యం చేరుతుంది. క్రీస్తుశకం 4వ శతాబ్దంలో పప్పస్ చూపిన దారి దాన్ని రెండు వాక్యాలకు కుదించింది. క, ఖ, గ శీర్షాలున్న త్రిభుజంలో కఖ, కగ భుజాలు సమానం అనుకుందాం. ఈ త్రిభుజాన్ని క, గ, ఖ అనే వరసలో చదివిన తనతోనే పోల్చాలి. కఖ కగకు సమానం, కగ కఖకు సమానం, మధ్యలో ఉన్న కోణం ఒకటే. కాబట్టి రెండూ సర్వసమానాలు, ఖ దగ్గరి కోణం గ దగ్గరి కోణానికి సమానం. కొత్త గీత ఒక్కటీ గీయలేదు. త్రిభుజాన్ని బోర్లించినా అది అదే త్రిభుజమని గుర్తించడమే మొత్తం నిరూపణ.

దీని విపర్యయం కూడా నిజమే. రెండు కోణాలు సమానమైతే వాటికి ఎదురుగా ఉన్న భుజాలు సమానం. కాబట్టి భుజాలు కొలవకుండా కోణాలు కొలిచి కూడా ఇవే మూడు రకాలుగా విడదీయవచ్చు. మధ్యగత రేఖలు రెండు సమానమైనా, ఉన్నతులు రెండు సమానమైనా అది సమద్విబాహు త్రిభుజమే. వీటి నిరూపణలు చిన్నవి. కోణ సమద్విఖండన రేఖలు రెండు సమానమైతే? ఇదీ అంతే తేలిక అనిపిస్తుంది, కాదు. 1840లో లేమస్ అనే గణితజ్ఞుడు దీనికి శుద్ధ రేఖాగణిత నిరూపణ కావాలని తోటి గణితజ్ఞుడు స్టర్మ్‌కు లేఖ రాశాడు. స్విస్ గణితజ్ఞుడు యాకోబ్ స్టైనర్ నిరూపణ ఇచ్చాడు. స్టైనర్–లేమస్ సిద్ధాంతంగా పేరుపడిన దీనికి ఆ తరవాత ఎందరో తమతమ నిరూపణలు చేరుస్తూ వచ్చారు.

ప్రతి త్రిభుజమూ సమద్విబాహు త్రిభుజమేనని 'నిరూపించే' ఒక తప్పుడు వాదం కూడా ప్రసిద్ధం. 1892లో రౌజ్ బాల్ తన గణిత వినోదాల పుస్తకంలో దీన్ని అచ్చువేశాడు. క దగ్గరి కోణాన్ని సగం చేసే రేఖ, ఖగ భుజానికి లంబ సమద్విఖండన రేఖ త్రిభుజం లోపల కలుస్తాయని బొమ్మ గీసి, ఆ బిందువు నుంచి కఖ, కగలకు లంబాలు దించుతారు. సర్వసమాన త్రిభుజాలు చూపి, ముక్కలు కలిపి, కఖ, కగ సమానమని తేలుస్తారు. అడుగడుగునా తర్కం సరిగానే ఉంటుంది. తప్పంతా బొమ్మలో ఉంది. విషమబాహు త్రిభుజంలో ఆ రెండు రేఖలూ కలిసేది త్రిభుజం బయట, పరివృత్తం మీద. దించిన లంబాల్లో ఒకటి పెద్ద భుజం మీద, రెండోది చిన్న భుజం పొడిగింపు మీద పడతాయి. అందువల్ల ఒకవైపు ముక్కలు కలపాలి, రెండోవైపు తీసివేయాలి. ఏ బిందువు ఏ రెండింటి మధ్య ఉందో బొమ్మ చూసి ఒప్పుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. ఇలాంటి లోటు యూక్లిడ్ మొట్టమొదటి ప్రతిపాదనలోనే ఉంది. ఇచ్చిన రేఖ రెండు చివరలూ కేంద్రాలుగా రెండు వృత్తాలు గీసి, అవి ఖండించుకునే బిందువుతో సమబాహు త్రిభుజం నిర్మిస్తాడు. వృత్తాలు ఖండించుకుంటాయని మాత్రం ఎక్కడా నిరూపించడు.

విషమబాహు త్రిభుజానికి సమానత్వం లేకపోయినా క్రమం ఉంది. పెద్ద భుజానికి ఎదురుగా పెద్ద కోణం, చిన్న భుజానికి ఎదురుగా చిన్న కోణం. అయితే ఇది వరసే గానీ అనుపాతం కాదు. 30, 60, 90 డిగ్రీల త్రిభుజంలో కోణాల నిష్పత్తి 1, 2, 3 అయినా భుజాల నిష్పత్తి 1, √3, 2.

ఆరు అనే సంఖ్య

కాగితంలోంచి త్రిభుజాన్ని కత్తిరించి, ఏర్పడిన కంతలో దాన్ని తిరిగి ఎన్ని రకాలుగా ఇమడ్చవచ్చో చూడాలి. సమబాహు త్రిభుజం ఉన్నట్టుగా, 120 డిగ్రీలు తిప్పి, 240 డిగ్రీలు తిప్పి మూడు రకాలుగా ఇముడుతుంది. బోర్లిస్తే మరో మూడు. మొత్తం 6. రెండే భుజాలు సమానమైనది 2 రకాలుగా, విషమబాహు త్రిభుజం ఒకే రకంగా ఇముడుతాయి. ఇప్పుడు ఇంకో ప్రశ్న వేద్దాం. మూడు పొడవులను ఎడమ, కుడి, అడుగు అనే మూడు స్థానాల్లో ఎన్ని రకాలుగా మార్చి అమర్చవచ్చు? 4, 4, 4ను ఒకే రకంగా, 5, 5, 2ను మూడు రకాలుగా, 3, 4, 5ను ఆరు రకాలుగా. మొదటి జవాబును రెండోదానితో గుణిస్తే మూడుసార్లూ ఆరే వస్తుంది. సౌష్ఠవం ఎంత పెరిగితే వైవిధ్యం అంత తగ్గుతుంది, లబ్ధం మారదు.

రకాలు మూడే ఎందుకో కూడా ఇక్కడ తెలుస్తుంది. 6ను నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 1, 2, 3, 6. వీటిలో మూడుకు త్రిభుజం దొరకదు. తిప్పితే ఇమిడి, బోర్లిస్తే ఇమడనిది ఉండాలంటే 120 డిగ్రీల తిప్పుకు ప్రతి భుజమూ పక్క భుజం మీద కూర్చోవాలి. అప్పుడు మూడు భుజాలూ సమానమే అవుతాయి, బోర్లించినా ఇముడుతుంది. అందుకే నాలుగో రకానికి చోటు లేదు. భుజాలు కొలిచి చేసిన పాత వర్గీకరణ, కొలతే లేకుండా సౌష్ఠవాన్ని లెక్కించి చేసిన వర్గీకరణ ఒక్కటేనన్నమాట.

కేంద్రాల సంగతి చూసినా ఇదే కథ. గురుత్వ కేంద్రం, లంబకేంద్రం, పరివృత్త కేంద్రం, అంతరవృత్త కేంద్రం నాలుగూ సమబాహు త్రిభుజంలో ఒకే బిందువు. వీటిలో ఏ రెండు కలిసినా ఆ త్రిభుజం సమబాహువే. సమద్విబాహు త్రిభుజంలో నాలుగూ సౌష్ఠవాక్షం మీద బారుతీరి ఉంటాయి. విషమబాహు త్రిభుజంలో మొదటి మూడూ ఆయిలర్ రేఖ అనే ఒక రేఖ మీద ఉంటాయి, అంతరవృత్త కేంద్రం మాత్రం దానికి పక్కగా తొలగిపోతుంది.

కోణాలతో కలిపి చూస్తే

కోణాలను బట్టి చేసే విభజన కూడా మూడు రకాలే. అల్పకోణ, లంబకోణ, అధికకోణ త్రిభుజాలు. రెండు విభజనలనూ అడ్డంగా, నిలువుగా పేర్చితే తొమ్మిది గళ్లు వస్తాయి. సమబాహు త్రిభుజంలో కోణాలన్నీ 60 డిగ్రీలు కాబట్టి అది అల్పకోణ గడిలో తప్ప ఉండలేదు. మిగిలేవి ఏడు. ఈ లెక్క ప్రోక్లస్ అప్పుడే చెప్పాడు. ఏ గడిలో పడుతుందో తెలుసుకోవడానికి కోణమానిని అక్కర్లేదు. పెద్ద భుజం వర్గాన్ని మిగతా రెండింటి వర్గాల మొత్తంతో పోలిస్తే చాలు. విషమబాహు త్రిభుజాల్లో 4, 5, 6 అల్పకోణానికి, 3, 4, 5 లంబకోణానికి, 2, 3, 4 అధికకోణానికి ఉదాహరణలు. ఇందాకటి 5, 5, 6 అల్పకోణ, 5, 5, 8 అధికకోణ సమద్విబాహు త్రిభుజాలు. లంబకోణ సమద్విబాహు త్రిభుజానికి మాత్రం మూడు పూర్ణసంఖ్యలు దొరకవు, √2 అడ్డుపడుతుంది.

జామెట్రీ బాక్సులోని రెండు మూలమట్టాల్లో ఒకటి ఈ లంబకోణ సమద్విబాహు త్రిభుజమే, చతురస్రంలో సగం. రెండోది 30, 60, 90 డిగ్రీలది, సమబాహు త్రిభుజంలో సగం. సమద్విబాహు త్రిభుజాల్లో 36, 72, 72 డిగ్రీలదానికి ప్రత్యేక స్థానం ఉంది. దాని భుజానికీ భూమికీ ఉన్న నిష్పత్తి దాదాపు 1.618, అంటే స్వర్ణ నిష్పత్తి. క్రమ పంచభుజి గీయడానికి యూక్లిడ్ ముందు దీన్నే నిర్మించాడు. ఈజిప్టులో గీజా మహాపిరమిడ్ ముఖాలను బొమ్మల్లో సమబాహు త్రిభుజాలుగా గీస్తుంటారు గానీ, కట్టినప్పటి కొలతలు చూస్తే అవి సమద్విబాహు త్రిభుజాలు. భూమి దాదాపు 230 మీటర్లు, పక్క భుజాలు సుమారు 219 మీటర్లు.

త్రిభుజాలన్నిటికీ ఒక పటం

సమబాహు త్రిభుజం లోపల ఏ బిందువు తీసుకున్నా, అక్కడి నుంచి మూడు భుజాలకు ఉన్న దూరాల మొత్తం ఆ త్రిభుజం ఎత్తుకు సమానం. 17వ శతాబ్దపు ఇటలీ గణితజ్ఞుడు వివియాని పేరు మీద ఉన్న సిద్ధాంతం ఇది. దీన్ని వాడి, ఒకే చుట్టుకొలత ఉన్న త్రిభుజాలన్నిటికీ పటం గీయవచ్చు. చుట్టుకొలత ఎంతో అంత ఎత్తున్న సమబాహు త్రిభుజం గీయాలి. లోపలి ఒక్కో బిందువు నుంచి మూడు భుజాలకు ఉన్న దూరాలు మూడు పొడవులనుకోవాలి. ప్రతి దూరమూ ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలి, లేకపోతే త్రిభుజ అసమానత తప్పుతుంది. ఆ షరతుకు నిలిచే బిందువులన్నీ భుజాల మధ్యబిందువులను కలిపితే వచ్చే లోపలి చిన్న త్రిభుజంలో ఉంటాయి. దాని వైశాల్యం మొత్తంలో నాలుగో వంతు. కర్రను యాదృచ్ఛికంగా రెండు చోట్ల విరిస్తే వచ్చే మూడు ముక్కలతో త్రిభుజం ఏర్పడే సంభావ్యత 1/4 అనే ప్రసిద్ధ ఫలితం ఈ పటం మీద కంటికి కనిపిస్తుంది.

ఆ లోపలి త్రిభుజంలో మూడు మధ్యగత రేఖలు గీస్తే వాటి మీదున్న బిందువులన్నీ సమద్విబాహు త్రిభుజాలు. మూడు రేఖలూ కలిసే కేంద్రం సమబాహు త్రిభుజం, అది ఒకే ఒక్క బిందువు. మిగిలిన ఆరు గదుల్లో ఉన్నవన్నీ విషమబాహు త్రిభుజాలు. గుడ్డిగా వేలు పెడితే అది రేఖ మీద పడే సంభావ్యత సున్నా. యాదృచ్ఛికంగా ఎంచుకున్న త్రిభుజం విషమబాహువే అవుతుంది, మిగతా రెండు రకాలనూ మనం కావాలని కట్టుకోవాలి. ఇదే పటంలో అంచుల వైపు జరుగుతున్నకొద్దీ త్రిభుజం సన్నబడుతుంది, కేంద్రం దగ్గర వైశాల్యం గరిష్ఠం. 12 పుల్లలతో పేర్చిన మూడింటి వైశాల్యాలు 4, 4, 4కు దాదాపు 6.93, 3, 4, 5కు సరిగ్గా 6, 5, 5, 2కు దాదాపు 4.90. ఒకే కంచెతో ఎక్కువ నేలను చుట్టాలంటే, త్రిభుజాల్లో సమబాహువును మించింది లేదు.

పూర్ణసంఖ్యల లోకం

భుజాలు పూర్ణసంఖ్యలు కావాలని షరతు పెడితే రకాలను లెక్కబెట్టవచ్చు. చుట్టుకొలత సరిసంఖ్య అయితే దాని వర్గాన్ని 48తో భాగించి, వచ్చినదానికి దగ్గరి పూర్ణసంఖ్య తీసుకోవాలి. బేసిసంఖ్య అయితే ముందు 3 కలిపి తరవాత అదే చేయాలి. ఎన్ని త్రిభుజాలో తెలుస్తుంది. 12కు 144ను 48తో భాగిస్తే 3. మూడు రకాలూ తొలిసారి కలిసి వచ్చేది చుట్టుకొలత 9 దగ్గర. 3, 3, 3, ఆపైన 1, 4, 4, చివరగా 2, 3, 4. అతి చిన్న పూర్ణసంఖ్యల విషమబాహు త్రిభుజం ఈ 2, 3, 4. చుట్టుకొలత 4కు అసలు త్రిభుజమే లేదు. 100కు 208 ఉన్నాయి. అందులో 24 సమద్విబాహువులు, 184 విషమబాహువులు. 100 మూడుతో భాగింపబడదు కాబట్టి సమబాహువు లేదు.

భుజాలతోబాటు వైశాల్యం కూడా పూర్ణసంఖ్య అయిన త్రిభుజాలకు హెరాన్ పేరు పెట్టారు. విషమబాహువుల్లో 3, 4, 5, తరవాత 13, 14, 15, ఆ తరవాత 51, 52, 53 వరస సంఖ్యలతోనే ఏర్పడతాయి. మూడోదాని వైశాల్యం 1170. సమద్విబాహువుల్లోనూ ఇలాంటివి కావలసినన్ని. సమబాహువుల్లో ఒక్కటీ లేదు. భుజం పూర్ణసంఖ్య అయితే వైశాల్యంలో √3 తప్పదు. బ్రహ్మగుప్తుని అతుకు పద్ధతికి సమబాహు త్రిభుజం ఎందుకు లొంగలేదో ఇప్పుడు తెలుస్తుంది. దీనికే ఇంకో రూపం ఉంది. గ్రాఫ్ కాగితం మీద గళ్ల మూలలే శీర్షాలుగా సమబాహు త్రిభుజం గీయడం అసాధ్యం. ఎంత పెద్ద కాగితం తెచ్చినా, ఎంత ఓపిక పట్టినా రాదు.

వాడుకలో

ఒక భుజం కొలిచి, మిగతా రెండూ కోణాల నుంచి లెక్కగట్టడం త్రిభుజాల సర్వే పద్ధతి. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర దాదాపు 12 కిలోమీటర్ల ఆధారరేఖ కొలిచి మొదలుపెట్టిన మహా సర్వే దక్కన్ మీదుగా ఉత్తరానికి సాగింది. 1811లో గుత్తి దగ్గర కూడా అలాంటి రేఖ కొలిచారు. సర్వేయర్లు త్రిభుజాలను వీలైనంత సమబాహువుకు దగ్గరగా ఎంచుకుంటారు. సన్నని త్రిభుజంలో కోణం కొలతలో రవ్వంత తేడా వస్తే భుజంలో పెద్ద తప్పు పడుతుంది. సిద్ధాంతం ప్రకారం భూమి దగ్గర 56 డిగ్రీలకు కాస్త పైన కోణాలున్న సమద్విబాహు త్రిభుజం అన్నిటికంటే మంచిది, నేల మీద 60కి దగ్గరుంటే సరిపోతుంది. మన రోడ్ల మీద ఎర్ర అంచుతో కనిపించే హెచ్చరిక బోర్డు కూడా సమబాహు త్రిభుజమే.

సమబాహు త్రిభుజం ఆకాశంలోనూ ఉంది. మూడు గోళాలు సమబాహు త్రిభుజం శీర్షాల్లో ఉంటే, వాటి ద్రవ్యరాశులు ఏవైనా సరే, ఆ ఆకారం చెడకుండా తిరగగలవని 1772లో లగ్రాంజ్ చూపాడు. కాగితం మీది ఈ ఫలితానికి 1906లో సాక్ష్యం దొరికింది. మాక్స్ వోల్ఫ్ కనుగొన్న అకిలీస్ అనే గ్రహశకలం సూర్యుడితోనూ బృహస్పతితోనూ దాదాపు సమబాహు త్రిభుజం చేస్తూ తిరుగుతోంది. ఆ తరవాత అలాంటివి వేలల్లో బయటపడ్డాయి. అవే ట్రోజన్ గ్రహశకలాలు.

సమబాహు త్రిభుజం అనుకోని చోట తలెత్తడం కొత్త కాదు. ఏ త్రిభుజమైనా తీసుకుని, దాని ప్రతి కోణాన్నీ మూడు సమాన భాగాలు చేసే రేఖలు గీస్తే, ఒక్కో భుజానికి ఆనుకుని ఉన్న జత రేఖలు కలిసే మూడు బిందువులూ సమబాహు త్రిభుజం అవుతాయి. 1899లో ఫ్రాంక్ మోర్లీ కనుగొన్నది ఇది. ఎంత వంకర విషమబాహు త్రిభుజంలోనైనా లోపల ఒక సంపూర్ణ సౌష్ఠవం దాగి ఉందని రెండు వేల ఏళ్లకు పైగా ఎవరూ గమనించలేదంటే ఆశ్చర్యం కలుగుతుంది.

చదును కాని చోట

పైన చెప్పిన ఏడు రకాల లెక్క చదునైన తలానికే చెల్లుతుంది. భూగోళం మీద ఉత్తర ధ్రువం ఒక శీర్షంగా, భూమధ్యరేఖ మీద 90 డిగ్రీల రేఖాంశం ఎడంలో ఉన్న రెండు చోట్లు మిగతా శీర్షాలుగా త్రిభుజం ఊహిస్తే మూడు భుజాలూ దాదాపు 10,000 కిలోమీటర్లు, మూడు కోణాలూ 90 డిగ్రీలు. ఇది సమబాహువు, లంబకోణ త్రిభుజం కూడా. గోళం మీద సమబాహు త్రిభుజం కోణం ఎప్పుడూ 60 కంటే ఎక్కువే, త్రిభుజం పెరిగేకొద్దీ కోణమూ పెరుగుతుంది. గణితజ్ఞుడు లొబచెవ్‌స్కీ కనుగొన్న, చదును తలానిది కాని మరో రేఖాగణితంలో ఆ కోణం 60 కంటే తక్కువ. అయినా సమాన భుజాలకు ఎదురుగా సమాన కోణాలుండటం మాత్రం రెండు చోట్లా చెక్కుచెదరదు. త్రిభుజాన్ని బోర్లించే పప్పస్ నిరూపణకు సమాంతర రేఖలతో పనే లేదు. యూక్లిడ్ కూడా సమాంతర రేఖల స్వీకృతాన్ని 29వ ప్రతిపాదన దాకా ముట్టుకోలేదు, సమద్విబాహు త్రిభుజం సంగతి అంతకు చాలా ముందే, ఐదోదానిలో, తేల్చేశాడు.